బ్యాటరీ మార్చిన సంగతి కారుకు చెప్పాలా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది మిర్యాలగూడ. విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. నిరుడు హైదరాబాద్‌లో 2014 నాటి బీఎండబ్ల్యూ 320డి కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పోయిన నెల ఒక ఉదయం సెల్ఫ్ తిరగలేదు. ఇక్కడి దుకాణంలోనే కొత్త బ్యాటరీ వేయించాను. పాతదాని మీద 90 ఏహెచ్, ఏజీఎం అని ఉంది. అది దొరకదని చెప్పి 80 ఏహెచ్ మామూలు బ్యాటరీ పెట్టారు. కారు బాగానే నడుస్తోంది. కానీ ఇప్పుడు ఒక మిత్రుడు ‘ఈ కార్లలో కొత్త బ్యాటరీని రిజిస్టర్ చేయించాలి, లేకపోతే ఏడాదిలో పాడవుతుంది’ అంటున్నాడు. మా బావమరిది ఏమో రిజిస్ట్రేషన్ అంటే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ఆర్సీలో ఎక్కించాలేమో అంటున్నాడు. మా నాన్నగారి స్విఫ్ట్‌కు ఇప్పటికి మూడు బ్యాటరీలు మార్చాం, ఎవరూ ఈ మాట చెప్పలేదు. ఇది నిజంగా అవసరమా, లేక డబ్బు గుంజే ఎత్తా? స్విఫ్ట్‌కు కూడా త్వరలో బ్యాటరీ మార్చాలి. పాత ఏజీఎం బ్యాటరీ ఇంకా ఇంట్లోనే ఉంది, దాన్ని ఏం చేయాలో కూడా చెప్పగలరు.

సమాధానం: మీరు అడిగిన ప్రశ్న కంటే మీ ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఒక వాక్యం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ‘80 ఏహెచ్ మామూలు బ్యాటరీ పెట్టారు’ అన్నారు. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యానికి కొలత. ఏజీఎం అంటే ఆసిడ్ ద్రవంగా తొణకని ప్రత్యేక రకం బ్యాటరీ. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మీ బావమరిదిగారి సందేహం తీర్చేస్తాను, అది ఒక్క నిమిషం పని.

ఆర్టీఏకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, ఇంధనం వంటివి ఉంటాయి. స్టార్టింగ్ బ్యాటరీ వివరాలు ఉండవు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చెబుతుంది. బ్యాటరీ ఆ వివరాల్లోనే లేనప్పుడు అది మార్పు కిందికి రాదు. ఎలక్ట్రిక్ వాహనాలకు సైతం, బ్యాటరీ లేకుండా అమ్మిన బండిని రిజిస్టర్ చేయవచ్చనీ, బ్యాటరీ ఏ కంపెనీదో చెప్పనక్కర్లేదనీ కేంద్ర రవాణా శాఖ 2020 ఆగస్టులోనే రాష్ట్రాలకు స్పష్టం చేసింది. కాబట్టి నల్లగొండ ఆఫీసు చుట్టూ తిరిగే పని మీకు లేదు.

మీ మిత్రుడు చెప్పిన రిజిస్ట్రేషన్ వేరు. అది కారు లోపలి కంప్యూటర్‌కు ‘ఇక్కడ ఈ రోజు కొత్త బ్యాటరీ పెట్టాం’ అని తెలియజేయడం. మీ బీఎండబ్ల్యూకు అది అవసరం. మీ నాన్నగారి స్విఫ్ట్‌కు అవసరం లేదు. ఇద్దరి అనుభవమూ నిజమే, కార్లే వేరు.

స్విఫ్ట్ వంటి కారులో ఏర్పాటు చాలా సూటిగా ఉంటుంది. ఇంజిన్ తిరుగుతుంటే, దానితో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ సుమారు 14 వోల్టులు ఇస్తుంది. బ్యాటరీకి కావలసినంత అది తీసుకుంటుంది. బ్యాటరీ వయసెంత, ఎంత అరిగింది అన్న లెక్క ఎవరూ రాసిపెట్టుకోరు. అందుకే పాతది తీసి కొత్తది పెడితే పని అయిపోతుంది. గడియారం సరిచేసుకోవాలి, కొన్ని కార్లలో అద్దాలు ఒకసారి పూర్తిగా కిందికీ పైకీ నడపాలి. అంతే.

మీ కారులో లెక్క రాసుకునేవాడు ఒకడున్నాడు. బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు బిగించిన క్లాంపులోనే ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. దాన్ని ఐబీఎస్ అంటారు. బ్యాటరీలోకి ఎంత కరెంటు వెళుతోంది, ఎంత బయటికి వస్తోంది, వోల్టేజీ ఎంత, వేడి ఎంత అని అది నిరంతరం కొలుస్తుంది. ఆ సమాచారంతో ఇంజిన్ కంప్యూటర్ బ్యాటరీ చరిత్ర మొత్తం దాచుకుంటుంది. ఆ చరిత్రను బట్టే ఎప్పుడు ఎంత ఛార్జింగ్ చేయాలో నిర్ణయిస్తుంది. బ్రేకు వేసినప్పుడో, యాక్సిలరేటర్ వదిలినప్పుడో ఎక్కువ ఛార్జింగ్ చేసి, మామూలుగా పోతున్నప్పుడు తగ్గిస్తుంది. ఇంధనం ఆదా కోసం చేసిన ఏర్పాటు ఇది. ఇలాంటి కార్లలో మల్టీమీటరు పెట్టి చూస్తే ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కోసారి 12 వోల్టుల చిల్లర మాత్రమే కనిపిస్తుంది. అది చూసి ఆల్టర్నేటర్ పోయిందని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి.

ఇప్పుడు మీ కారు దృష్టిలో జరిగిందేమిటో ఆలోచించండి. ఎన్నేళ్లుగానో వాడుతున్న, పట్టు తగ్గిపోయిన 90 ఏహెచ్ ఏజీఎం బ్యాటరీ ఇంకా అక్కడే ఉందని అది అనుకుంటోంది. పాత బ్యాటరీ కోసం రాసుకున్న లెక్కతోనే కొత్తదానికి అన్నం పెడుతోంది. రిజిస్టర్ చేస్తే ఆ పాత గణాంకాలు చెరిగిపోతాయి. ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో నమోదవుతుంది. లెక్క కొత్తగా మొదలవుతుంది. ఇందులో బ్యాటరీ మీద ఉన్న సీరియల్ నంబరుతో గానీ, ఏ కంపెనీదన్న విషయంతో గానీ బీఎండబ్ల్యూకు పని లేదు. ఆడి, ఫోక్స్‌వాగన్‌లలో బ్యాటరీ మేనేజ్‌మెంట్ ఉన్న కార్లు మాత్రం కంపెనీ కోడ్, సీరియల్ నంబరు కూడా అడుగుతాయి. పేరేదైనా వాటి ఉద్దేశం ఒకటే.

చేయించకపోతే ఏడాదిలో బ్యాటరీ పోతుందన్న మాట మాత్రం అతిశయమే. రేపు ఉదయమే కారు ఆగిపోదు. రిజిస్టర్ చేయకుండానే కొన్నేళ్లు నడిపినవారూ ఉన్నారు. నష్టం నెమ్మదిగా జరుగుతుంది. అవసరానికి మించిన ఛార్జింగ్ వల్ల బ్యాటరీ ఆయుష్షు తగ్గవచ్చు. బ్యాటరీ బలహీనంగా ఉందన్న పాత నమ్మకంతో, సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ను తానే ఆపి మళ్లీ నడిపే స్టార్ట్-స్టాప్ ఏర్పాటును కారు ఆపేయవచ్చు. ఇంజిన్ ఆపిన కాసేపటికే రేడియో వంటివి కట్టేయవచ్చు. ఇది ఎత్తు కాదు, నిజమైన పనే. కానీ కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలించి పది నిమిషాల్లో ముగించే పని. దానికి ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే మరో రెండు చోట్ల విచారించి వెళ్లండి.

ఇక మీ ఉత్తరంలోని ఆ వాక్యం.

మీ కారులో బ్యాటరీ బానెట్ కింద ఉండదు, డిక్కీలో ఉంటుంది. అంటే మీరూ మీ పిల్లలూ కూర్చునే చోటికి, బ్యాటరీకి మధ్య ఉన్నది వెనక సీటు మాత్రమే. ఇది చాలా ముఖ్యం. సీసపు బ్యాటరీ ఛార్జింగ్ అవుతున్నప్పుడు, ముఖ్యంగా నిండిన తర్వాత కూడా ఛార్జింగ్ ఆగనప్పుడు, లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు పుడతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. ఏజీఎం బ్యాటరీలో ఆసిడ్ ద్రవంగా తొణకదు. పలకల మధ్య గాజునూలు చాపలు దాన్ని పీల్చి పట్టుకుంటాయి. పుట్టిన వాయువుల్లో ఎక్కువ భాగం లోపలే కలిసి మళ్లీ నీరవుతుంది. అయినా సరే, మిగిలింది బయటికి పోవడానికి కంపెనీ ఒక సన్నని గొట్టం పెడుతుంది. దాని ఒక కొస బ్యాటరీ పక్కనున్న రంధ్రంలోకి, రెండో కొస కారు అడుగుభాగం నుంచి బయటికి ఉంటుంది.

మామూలు బ్యాటరీలో ఆసిడ్ ద్రవంగానే ఉంటుంది, వాయువు ఎక్కువ పుడుతుంది. పైగా మీ కారు అక్కడ ఏజీఎం ఉందనుకుని దానికి తగ్గ వోల్టేజీ ఇస్తుంది. ఏజీఎం తట్టుకునే 14.7, 14.8 వోల్టులు మామూలు బ్యాటరీలో నీటిని మరిగించినట్టే బుడగలు తెప్పిస్తాయి. వేడి పెరిగేకొద్దీ ఈ బుడగలు ఇంకా తక్కువ వోల్టేజీకే మొదలవుతాయి. మన జిల్లాలో మే నెల ఎండలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. 44, 45 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ లోపల ఎంత ఉడుకుతుందో చేయి పెట్టి చూసినవారికే తెలుసు.

అందుకే మీరు ఈ ఉత్తరం చదివిన రోజే ఒక పని చేయండి. డిక్కీలో బ్యాటరీ మీది మూత తీసి, ఆ సన్నని గొట్టం కొత్త బ్యాటరీకి తగిలించి ఉందో లేదో చూడండి. మామూలు బ్యాటరీలు చాలావాటికి ఆ గొట్టం పట్టే రంధ్రమే ఉండదు. అప్పుడు బిగించేవారు దాన్ని పక్కకు తోసి మూత వేసేస్తారు. అలా వేలాడుతూ కనిపిస్తే వేసవి దాకా ఆగకండి, వెంటనే ఆ బ్యాటరీ మార్పించండి. డిక్కీ తెరవగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా, కళ్లు మండినా కారు ఆపి, అన్ని తలుపులూ తెరిచి, ఏ స్విచ్చీ ముట్టకుండా దూరం జరగండి.

కొన్నేళ్ల కిందట జడ్చర్ల దగ్గర ఒక బంధువు కారులో నేను ఇలాంటిదే చూశాను. గొట్టం విడిగా పడి ఉంది, బ్యాటరీ చుట్టూ ఇనుము తెల్లటి పొక్కులతో తినేసి ఉంది, డిక్కీ చాప అంచు చేత్తో పట్టుకుంటే పొడిగా రాలిపోయింది. ఏడాదిగా ఆ కుటుంబం అదే కారులో నెలకు రెండుసార్లు కర్నూలు వెళ్లి వస్తోంది. వెనక సీటులో ఎప్పుడూ చిన్నపిల్లలే కూర్చునేవారు. ఆ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

నా సలహా ఇది. 90 ఏహెచ్ ఏజీఎం బ్యాటరీయే, అదే కొలతతో, గొట్టం పట్టే రంధ్రం ఉన్నదే వేయించండి. బీఎండబ్ల్యూ పేరు ఉన్నదే కావాలని లేదు. పేరున్న ఏ బ్యాటరీ కంపెనీది అయినా రకం, సామర్థ్యం, కొలత సరిపోతే చాలు. మిర్యాలగూడలో దొరకకపోతే హైదరాబాద్ వెళ్లే దారిలోనే, వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో అడగండి. ముందే ఫోను చేసి, తయారీ తేదీ ఎప్పటిదో కూడా తెలుసుకోండి. ఏడాదిగా అరలో పడి ఉన్న బ్యాటరీని కొత్తదన్న ధరకు కొనకూడదు. ఇప్పుడు వేయించిన మామూలు బ్యాటరీ నెల రోజులదే కాబట్టి, దుకాణదారు వెనక్కి తీసుకుంటాడేమో మర్యాదగా అడగండి. మీ కారుకు తగని రకం పెట్టింది అతనే. అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

‘80 ఏహెచ్ మామూలు బ్యాటరీ అనే కారుకు చెప్పేస్తే సరిపోదా?’ అని మీరు అడగవచ్చు. ఇక్కడ ఒక భేదం ఉంది. రిజిస్ట్రేషన్ అంటే అదే రకం, అదే సామర్థ్యం ఉన్న కొత్త బ్యాటరీ వచ్చిందని చెప్పడం. రకమో సామర్థ్యమో మారితే ముందు ఆ మార్పును కంప్యూటర్‌లో రాయాలి. దాన్ని కోడింగ్ అంటారు. ఆ తర్వాత రిజిస్టర్ చేయాలి. కోడింగ్ చేయకుండా రిజిస్టర్ మాత్రమే చేస్తే కారుకు అబద్ధం చెప్పినట్టే. లేని 90 ఏహెచ్ ఏజీఎం కొత్తగా వచ్చిందని అది నమ్ముతుంది. మీ మిత్రుడి మాట విని ఇప్పుడున్న బ్యాటరీతోనే రిజిస్టర్ చేయించి ఉంటే సరిగ్గా అదే జరిగేది. కోడింగ్‌లో రకం మార్చే వీలు ఉన్నా నేను ఒప్పుకోను. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగి మళ్లీ మొదలయ్యే స్టార్ట్-స్టాప్ కారులో బ్యాటరీ రోజుకు ఎన్నోసార్లు సెల్ఫ్ తిప్పాలి. మామూలు బ్యాటరీ ఆ శ్రమకు తయారైంది కాదు. డిక్కీలో వాయువు సంగతి ఎలాగూ ఉండనే ఉంది.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. మైనస్ క్లాంపులోని సెన్సర్ చాలా సున్నితమైనది. టెర్మినల్ పట్టకపోతే సుత్తితో కొట్టడం, స్క్రూడ్రైవరుతో లేపడం మన దగ్గర మామూలే. ఇక్కడ ఆ పని చేయనివ్వకండి. ప్లస్ వైపు క్లాంపులోనూ ప్రమాదం జరిగినప్పుడు చిన్న పేలుడుతో తీగను తెంచే రక్షణ పరికరం ఉంటుంది. దాన్నీ కొట్టకూడదు, లాగకూడదు. ముందు మైనస్ విప్పాలి, చివర మైనస్ బిగించాలి. స్కానర్‌తో పని చేస్తున్నంతసేపు బయటి ఛార్జర్ తగిలించి ఉంచమనండి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కంప్యూటర్‌లో రాత సగంలో ఆగిపోతుంది. అయ్యాక స్కానర్ తెర మీద బ్యాటరీ మార్చిన కిలోమీటర్లు చూపించమని అడిగి, ఫోనులో ఫోటో తీసుకోండి. అంతకుముందు జరిగిన మార్పులు కూడా అక్కడ కనిపించవచ్చు. మీరు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు కాబట్టి, పాత యజమాని బ్యాటరీని ఎలా చూసుకున్నాడో కూడా తెలుస్తుంది.

స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న పరికరం, ఫోనులో యాప్‌తో ఇంట్లోనే రిజిస్టర్ చేసుకోవచ్చని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అదే రకం, అదే సామర్థ్యం పెట్టినప్పుడు అది చక్కగా పనిచేసే మార్గమే. కోడింగ్ మాత్రం తెలిసినవారికే వదిలేయండి.

ఇంకొకటి. ఎప్పుడైనా మరో కారు నుంచి కరెంటు తీసుకుని స్టార్ట్ చేయాల్సి వస్తే, బానెట్ కింద దానికోసమే ఉన్న ప్లస్ బిందువుకూ, బాడీకి ఉన్న ఇనుప బోల్టుకూ తీగలు తగిలించాలి. నేరుగా బ్యాటరీ మైనస్‌కు తగిలిస్తే సెన్సర్ ఆ కరెంటును చూడదు, లెక్క తప్పుతుంది.

అసలు పాత బ్యాటరీ ఎందుకు పోయిందో కూడా ఒకసారి చూసుకోండి. ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి మాత్రమే తిరిగితే ఏ బ్యాటరీ అయినా నిండదు. ఆపి ఉంచిన కారు 50 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నా రోజుకు 1.2 ఏహెచ్ పోతుంది. నలభై రోజులు కదపకపోతే 48 ఏహెచ్, అంటే 90లో సగానికి పైగా ఖాళీ. వారానికి ఒకసారి నల్లగొండ దాకా వెళ్లి వచ్చినా చాలు. రాత్రంతా ఆగి ఉన్న కారులో ఉదయం 12.6 వోల్టులో, అంతకు కొంచెం ఎక్కువో ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే ఉందని అర్థం.

స్విఫ్ట్ సంగతి తేలిక. పాతదాని మీదున్న కోడ్ చూసి అదే తెచ్చుకోండి. చిన్న పెట్రోలు కార్లలో తరచూ కనిపించే 38బి20ఎల్ తీసుకుంటే, అందులో 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివరి అక్షరం ప్లస్, మైనస్‌లు ఏ వైపున ఉన్నాయో చెబుతుంది. అక్కడ ఎల్‌కు బదులు ఆర్ తెస్తే తీగలు అందవు. లాగి బిగిస్తే తారుమారయ్యే ప్రమాదం ఉంది. నీరు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకండి. మన నల్లగొండ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు. దానితో పాటు కరిగి ఉన్న సున్నం, ఉప్పులు పలకలను పాడుచేస్తాయి. మిషన్ భగీరథ నీరు తాగడానికి మంచిదే గానీ బ్యాటరీకి అదీ పనికిరాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది.

ఇంట్లో ఉన్న ఆ పాత ఏజీఎం బ్యాటరీని పిల్లలకు అందని చోట, నిలువుగానే ఉంచండి. పాత ఇనుప సామాను వాడికి అమ్మవద్దు. వాళ్లలో కొందరు పగలగొట్టి సీసం తీసుకుని, ఆసిడ్‌ను మురుగు కాల్వలో పోస్తారు. ఆ సీసం మట్టిలోకి, నీటిలోకి చేరుతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు, అధికారికంగా సేకరించేవారికే ఇవ్వాలి. కొత్త ఏజీఎం కొనడానికి వెళ్లేటప్పుడు దాన్నీ కారులోనే తీసుకెళ్లండి. దుకాణంలో పాతదానికి ఇచ్చే తగ్గింపు మీ బిల్లులో కలుస్తుంది. 90 ఏహెచ్ ఏజీఎంలో సీసం ఎక్కువ, ఆ తగ్గింపు కూడా చెప్పుకోదగినంత ఉండాలి. బేరమాడి తీసుకోండి.